వెల్ఫేర్ సారు ఏడుపు

నిజామాబాద్‌లో నేను పనిచేసే ఆసుపత్రివాళ్లు మొన్న మాకు ఒక శిక్షణ తరగతి పెట్టించారు. హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాయన ఒకడు తెర మీద బొమ్మలు వేసి, ఉద్యోగంలో భావోద్వేగాలను ఎట్లా వాడుకోవాలో చెబుతున్నాడు. "వాడుకోవాలి" అన్న మాట ఆయనదే. కోపంగా వచ్చిన మనిషి ముందు గొంతు తగ్గించాలట. పేరు పెట్టి పిలవాలట. వీలైతే బల్లకు ఇవతలికి వచ్చి పక్కన కూర్చోవాలట. అందరూ రాసుకుంటున్నారు. అప్పుడే నా ఫోన్ మోగింది. నేను ఇదివరకు పనిచేసిన చక్కెర మిల్లులో జీపు నడిపే యూసుఫ్ భాయ్.

"మేడం, మన వెల్ఫేర్ సాబ్ పోయిండు. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే ఒరిగిపోయిండట."

బయటికి వచ్చి మెట్ల మీద నిలబడ్డాను. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో అప్పుడు తెలియలేదు. ఇప్పుడూ పూర్తిగా తెలుసని చెప్పలేను.

ఆయన పేరు నాకు తెలుసు, ఇక్కడ రాయను. మిల్లులో ఆ పేరుతో ఆయనను ఎవరూ పిలిచినట్టు గుర్తు లేదు. బోధన్ పక్కన ఒక ప్రైవేటు చక్కెర మిల్లు. దాంట్లో కార్మికుల సంక్షేమం చూసే అధికారి ఆయన. అప్పట్లో అదే ఆఫీసులో నేను గుమస్తాను. అందరికీ ఆయన వెల్ఫేర్ సారు. నోరు తిరగని ముసలి రైతులకు ఎల్ఫేరు సారు.

పొట్టి మనిషి. పొట్టి చేతుల చొక్కా. జేబులో రెండు చేతిరుమాళ్లు ఉండేవి, ఒకటి కళ్లద్దాలకు, ఒకటి కళ్లకు. ఆయన బల్లకు అవతల కూర్చుని ఎవరితోనూ మాట్లాడగా నేను చూడలేదు. మనిషి గడప దాటాడంటే సారు లేచేవాడు. ఇవతలికి వచ్చి, గోడ వారన ఉన్న బెంచీ మీద ఆ మనిషిని కూర్చోబెట్టి, తనూ పక్కనే కూర్చునేవాడు. "ఏమన్న తిన్నవా?" అని అడిగేవాడు. తిన్నానన్నా తినలేదన్నా మంచినీళ్లు తెప్పించేవాడు. ఇక ఆ తరువాత మాట్లాడేవాడు కాదు, వినేవాడు. వింటుంటే నోరు కొంచెం తెరుచుకునేది. ముందు గడ్డం వణికేది. ఆ వెనుక కళ్లు నిండేవి.

చేరిన కొత్తలో నేను దాన్ని నటన అనుకున్నాను. ఇంత పెద్ద మనిషి, ఇంతమంది కోసం, పొద్దున ఒకసారి మధ్యాహ్నం ఒకసారి ఎట్లా ఏడుస్తాడు? ఒకరోజు మిల్లు ఆవరణలో ట్రాక్టరు కింద కుక్కపిల్ల పడి చచ్చింది. అందరూ చూసి ముక్కు మూసుకుని పోతుంటే, సారు ఒక్కడే వెళ్లి దాన్ని గోనెసంచిలో చుట్టించాడు. తిరిగి వస్తూ, చుట్టూ ఎవరూ లేరనుకుని, గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఆ తరువాత నేను అనుమానించలేదు. ఆయన ఏడుపు నిజమే. నేను చెప్పబోయేదంతా ఆ నిజం వల్ల జరిగిందే.

"బిడ్డా, కోపంతోని వచ్చినోనికి జవాబు జెప్పకు," అని నాకు నేర్పేవాడు. "ఆయనకు జవాబు అక్కర్లే. ఎవలన్న ఇంటే సాలు. మాట్లాడనియ్యి. మాట్లాడినంక సగం బరువు దిగుతది."

"మరి ఆయన వచ్చిన పని, సారూ?"

"పని పైనోళ్లది బిడ్డా. మన చేతుల ఏమున్నది?"

చెరుకు సీజను మొదలైతే మిల్లు ముందు ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు బారులు తీరేవి. లోపల ఏదో ఒక యంత్రం ఆగేది. బయట కోసిన చెరుకు ఎండిపోయేది. ఎండిన కొద్దీ తూకం తగ్గుతుంది కాబట్టి రైతుల ఒంట్లో రక్తం మరిగేది. ఒకసారి రెంజల్ వైపు నుంచి వచ్చిన పోశెట్టి అనే రైతు, ట్రాక్టరును సరాసరి గేటుకు అడ్డంగా పెట్టాడు. చేతిలో చెరుకు కొట్టే కత్తి.

"ఇయ్యాల నా బండి దిగాలె, లేకపోతె ఎవన్నొకన్ని నరికి పోత!" అని అరుస్తున్నాడు. వాచ్‌మన్లు దూరంగా నిలబడ్డారు.

పై నుంచి ఫోన్ వచ్చింది: "వెల్ఫేర్‌ను పంపండి."

సారు వెళ్లాడు. కత్తిని చూడనట్టే వెళ్లి ట్రాక్టరు మడ్‌గార్డు మీద ఎక్కి కూర్చున్నాడు. పోశెట్టి తిట్టాడు. మిల్లును తిట్టాడు, సారును తిట్టాడు, సారు తల్లిని తిట్టాడు. సారు వింటూనే ఉన్నాడు. తిట్లు అయిపోయాక పోశెట్టి తన ఎండిపోయిన బోరు సంగతి ఎత్తాడు. సారు గడ్డం వణికింది. కాసేపటికి పోశెట్టే ఆయన భుజం తట్టి, "నీ మీద కోపం లేదు సారూ, నువ్వేం జేస్తవ్," అని ట్రాక్టరు వెనక్కి తీశాడు. బారులో తన చోటికే పోయి నిలబెట్టుకున్నాడు.

అతని చెరుకు ఆ రోజు దిగలేదు. ఆ మర్నాడూ దిగలేదు. కానీ మళ్లీ కత్తి పట్టుకుని రాలేదు.

ఇట్లాంటివి ఆ సీజనులో ఎన్ని చూశానో. మా క్యాంటీనులో అధికారులు ఆయనకు పేరు కూడా పెట్టారు: ఫైరింజన్. "మంట లేస్తే నీళ్లు కొట్టడానికి మనవాడున్నాడు," అని నవ్వుకునేవాళ్లు. ఆయన ముందే అనేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. వాళ్లు తనను వెక్కిరిస్తున్నారని ఆయనకు తెలుసు. అయినా తన వల్ల ఒక కొట్లాట తప్పింది, ఒకరి తల పగలకుండా ఆగింది అనే లెక్కలో ఆయన ఉండేవాడు. అది అబద్ధమని కూడా చెప్పలేను.

ఆ తరువాతి సీజనులో సాయిలు చచ్చిపోయాడు.

సాయిలు కాంట్రాక్టు కూలీ. ఎడపల్లి దగ్గర పల్లె. మిల్లులోకి చెరుకును లాక్కుపోయే గొలుసు పట్టా మీద గడలు అడ్డం పడితే, దాన్ని ఆపకుండానే ఎక్కి సరిచేయమన్నారు. కాలు జారింది. అంతకంటే రాయను.

మధ్యాహ్నానికి శవం గేటు ముందుకు వచ్చింది. వేపకొమ్మలు పరిచి పడుకోబెట్టారు. పక్కన అతని భార్య గంగామణి, తమ్ముడు, ఊరు ఊరంతా. వాళ్లు అడిగింది ఒక్కటే: గంగామణికి మిల్లులో పని ఇస్తామని కాగితం మీద రాసివ్వాలి. రాసిచ్చేదాకా శవం లేవదు, మిల్లులోకి ఒక్క బండి పోదు. యూనియన్ కుర్రవాళ్లు ఇద్దరు అటూ ఇటూ కాపలా ఉన్నారు.

జనరల్ మేనేజరు సారును పిలిపించాడు. ఫైళ్లు పట్టుకుని నేనూ ఆ గదిలో ఉన్నాను.

"ఆమెకు పని ఇద్దామని చెప్పండి," అన్నాడు మేనేజరు. "ముందు గేటు ఖాళీ కావాలి."

"రాసిస్తరా సార్?"

"రాస్తే రేపు ప్రతివాడూ రాయమంటాడు. మీరు చెబితే వింటారు కదా."

"నిజంగ ఇస్తరు గద సార్?"

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "నా మాట మీద మీకు నమ్మకం లేదా?"

సారు నమ్మాడు. ఆయన నమ్మకపోయి ఉంటే ఆ గేటు దగ్గర ఏడుపు వచ్చేది కాదు. ఈ సంగతి ఆ మేనేజరుకు బాగా తెలుసునని నా అనుమానం.

గేటు దాటి, చెప్పులు విడిచి, సారు ఆ దుమ్ములో గంగామణి పక్కన చతికిలబడ్డాడు. చెప్పాల్సిన మాట చెప్పలేకపోయాడు. సాయిలు ముఖం వైపు చూశాడు. "పోయిన వారం జొన్నరొట్టె తెచ్చి పెట్టిండమ్మా నాకు," అన్నాడు. "నువ్వు జేసినవని జెప్పిండు." అంతే, భుజాలు ఎగిరెగిరిపడేలా ఏడ్చాడు. అట్లా ఏడ్వగా నేను ఎప్పుడూ చూడలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కొత్తగా మళ్లీ మొదలుపెట్టారు. అప్పటిదాకా పిడికిళ్లు బిగించి నిలబడ్డ మగవాళ్లు తలలు దించుకున్నారు.

యూనియన్ కుర్రవాళ్లలో ఒకడు మాత్రం ముందుకు వచ్చాడు. "సారూ, ఈ ఏడుపులు మాకద్దు. కాయితం మీద రాసియ్యమను."

"కాయితమెందుకు బిడ్డా, నేనున్న గద," అన్నాడు సారు. "ఆమెకు పని ఇస్తరు. పెద్దసారు నాతోని చెప్పిండు."

అప్పుడు గంగామణి చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. తన కొంగుతో ఆయన ముఖం తుడిచింది. మొగుడి శవం పక్కన కూర్చున్న మనిషి, ఆయనను ఓదార్చింది. "ఊకో సారూ, ఊకో," అంది. మరిదివైపు తిరిగి, "లేపుర్రి. సారు మాటిచ్చిండు," అంది.

లేపారు. వాళ్లు మలుపు తిరిగేసరికి ట్రాక్టర్లు కదిలాయి. నేను పైకి వెళ్లేసరికి మేనేజరు కిటికీ దగ్గర నుంచి వచ్చి కూర్చుని చాయ్ తెమ్మంటున్నాడు.

పని ఇవ్వలేదు. సాయిలు మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి, వెళ్లి అతన్ని అడగమన్నారు. కాంట్రాక్టరు మిల్లును అడగమన్నాడు. గంగామణి అంగడి రోజున బోధన్ వచ్చి, అటు నుంచి మిల్లుకు వచ్చేది. సారు ఎప్పటిలాగే బెంచీ మీద పక్కన కూర్చునేవాడు, నీళ్లు తెప్పించేవాడు. ఇద్దరూ కలిసి ఏడ్చేవాళ్లు. ఆమె వెళ్లాక సారు పైకి పోయేవాడు. దిగి వచ్చేటప్పుడు మెట్లు ఒక్కొక్కటే చూసుకుంటూ దిగేవాడు.

"ఏమన్నారు సారూ?" అని ఒకసారి అడిగాను.

"నా పని నేను మంచిగ చేసిన్నట. మిగిలింది ఇడిచిపెట్టమన్నడు."

కొన్నాళ్లకు గంగామణి వస్తే ఆయన గొంతు మారింది. ఇదివరకటిలా వినడం తగ్గి, ఆమె నోరు తెరవకముందే "చూస్తున్నమమ్మా, చూస్తున్నం" అనడం మొదలైంది. ఒక అంగడి రోజు, కిటికీలోంచి ఆమె గేటు దాటి రావడం చూశాడు. లేచాడు. మామూలుగా అయితే బల్లకు ఇవతలికి రావాలి. ఆయన వెనుక తలుపు తీసుకుని, చక్కెర బస్తాల గోదాములోంచి బయటికి వెళ్లిపోయాడు. నావైపు చూడలేదు.

గంగామణి బెంచీ మీద కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. ఆమె చూపు సారు బల్ల మీద ఆగింది.

"సార్ ఏడికన్న పోయిండా మేడం?" అంది.

నేను ఏదో చెప్పబోయాను. ఆమె చెప్పనివ్వలేదు. "అద్దాలు గీడనే ఉన్నయి. అద్దాల్లేకుంట సారుకు తొవ్వ గూడ కనవడదు గదా."

లేచి కొంగు దులుపుకుంది. మళ్లీ మిల్లుకు రాలేదు.

ఆ మాట నేను సారుతో చెప్పాను. ఆయన అద్దాలు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీసి తుడిచాడు. కళ్లు తుడుచుకునే రుమాలు జేబులోంచి బయటికి రాలేదు.

నెలాఖరు సమావేశం పై అంతస్తులో పెద్ద బల్ల చుట్టూ జరిగేది. చాయ్, బిస్కెట్లు. రాసుకోవడానికి నేనూ ఒక మూల కూర్చునేదాన్ని. అన్ని విభాగాల వాళ్లూ తమ తమ సంగతులు చెప్పాక, మేనేజరు "వెల్ఫేర్?" అన్నాడు. ఎప్పుడూ ఆ వంతులో సారు "అంత మంచిగనే ఉన్నది సార్" అని కూర్చునేవాడు. ఆ రోజు నిలబడ్డాడు.

"సాయిలు భార్యకు పని ఇస్తనన్నరు. ఇయ్యలే."

"అది అయిపోయిన సంగతి."

"నాకు అయిపోలే సార్."

ఎవరో నవ్వారు. ఇంకెవరో "ఫైరింజన్‌కే మంట అంటుకుంది" అన్నారు. సారు రెండు చేతులతో బల్లను గుద్దాడు. చాయ్ కప్పులు దొర్లాయి. ఆయన గొంతు అంత పెద్దదని మాకెవరికీ తెలియదు.

"నేను నిజంగ ఏడ్సిన సార్! ఒక్కనాడు గూడ దొంగేడుపు ఏడ్వలే. నా ఏడుపును మీరు అబద్దం జేసిండ్రు. ఆ పిల్ల నా ముఖం దుడ్సింది. తన మొగన్ని పక్కల పెట్టుకొని నా ముఖం దుడ్సింది! నేనిప్పుడు ఏ ముఖం పెట్టుకొని గేటు కాడికి పోవాలె?"

మేనేజరు అరవలేదు. చొక్కా మీద పడ్డ చాయ్‌ను కాగితంతో అద్దుకున్నాడు. "మీకు ఒంట్లో బాగున్నట్టు లేదు," అన్నాడు మెల్లగా. "కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి. ఆఫీసులో భావావేశాలు పనికిరావు."

ఆ మాట విని నాకు నవ్వు వచ్చింది. ఆ నవ్వును ఎట్లా ఆపుకున్నానో నాకే తెలియదు. ఇన్నేళ్లు ఆ మిల్లు నడిచింది దేని మీద? యంత్రం ఆగినప్పుడల్లా గేటుకు పంపింది దేన్ని? కన్నీళ్లు కిందికి కారినంత కాలం వాటికి జీతం ఇచ్చారు. కోపం ఒక్కరోజు పైకి ఎక్కితే, దానికి జబ్బు అని పేరు పెట్టారు.

విశ్రాంతి నుంచి తిరిగి వచ్చాక సారును స్టోర్సులో కూర్చోబెట్టారు. ఖాళీ గోనెసంచుల మధ్య ఒక బల్ల. అక్కడికి ఎవరూ రావాల్సిన పని ఉండదు. అలవాటు కొద్దీ ఆయన బెంచీ ఒకటి తెప్పించి గోడ వారన వేయించుకున్నాడు. దాని మీద ఎవరూ కూర్చోగా నేను చూడలేదు. సీజను అయిపోగానే, ముందస్తుగా ఇంటికి పంపేశారు.

వీడ్కోలు సభ మాత్రం ఘనంగా చేశారు. శాలువా, గజమాల. మేనేజరే మాట్లాడాడు. "ఈయన మన మిల్లుకు గుండెకాయ," అన్నాడు. అంటూ ఆగాడు, గొంతు పూడుకుపోయినట్టు. కార్మికులు ఏడ్చారు. వంటవాడు ఏడ్చాడు. ఫైరింజన్ అని పేరు పెట్టిన పెద్దమనిషి కూడా కళ్లద్దాలు తీశాడు. ఇక సారు మాట్లాడాలి. అందరూ ఆయన గడ్డంవైపు చూస్తున్నారు, ఇప్పుడు వణుకుతుంది అని. ఆయన మైకు పట్టుకుని, పొడి కళ్లతో అందరినీ ఒకసారి చూసి, "అందరు పైలం," అని జాగ్రత్త చెప్పి కూర్చున్నాడు.

"సారుకు మన మీద ప్రేమ లేదురా, చూసినవా?" అని బయట ఒక కార్మికుడు ఇంకొకడితో అనడం విన్నాను.

నేనూ ఆ మిల్లు వదిలి నిజామాబాద్ వచ్చేశాను. ఆ తరువాత ఆయన నాకు ఒక్కసారే కనిపించాడు, బోధన్ బస్టాండులో. నాకు అప్పుడు కడుపు పోయి ఎక్కువ రోజులు కాలేదు. ఆయన్ను చూడగానే, చెప్పడానికి ఇంతకంటే మంచి మనిషి ఎక్కడ దొరుకుతాడని, నిలబడ్డచోటే చెప్పుకుని ఏడ్చాను. ఆయన విన్నాడు. ముఖంలో ఏమీ కదలలేదు. చుట్టూ ఒకసారి చూసి, నా చెయ్యి పట్టుకుని గోడ పక్కకు తీసుకుపోయాడు.

"గిట్ల నలుగుట్ల ఏడ్వకు బిడ్డా," అన్నాడు. "ఎవలన్న సూస్తె, గిది పనికొస్తదనుకుంటరు."

యూసుఫ్ భాయ్ ఫోన్ చేసిన రోజు నేను శిక్షణ వదిలి బోధన్ బస్సు ఎక్కాను. ఇంటి ముందు షామియానా వేశారు. మిల్లు నుంచి పెద్ద పూలదండ వచ్చింది. మిల్లు మనుషులు మాత్రం ఇద్దరు ముగ్గురే, వాళ్లూ దూరంగా. ఆ మేనేజరు ఇంతకంటే పెద్ద మిల్లుకు వెళ్లిపోయి చాలా రోజులైందట.

సారు భార్య నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. ఏడ్చి ఏడ్చి అలసిపోయి ఉంది.

"అందరు అంటుర్రు, సారు మస్తు మెత్తటి మనిషి, మా కోసం ఏడ్సేటోడు అని," అంది. "నాకు తెల్వదు బిడ్డా. మా అమ్మ సచ్చిపోతె గూడ ఈయన కంట్ల నుంచి చుక్క రాలే. ఇంటికొస్తె గోడ దిక్కు దిరిగి పండుకునుడే. నేనేమన్న చెప్పుకుందామంటె, 'జర ఊకో, ఇయ్యాల శాన మంది చెప్పిండ్రు' అనేటోడు. నేను చూసిన మనిషి వేరే, వాళ్లు చూసిన మనిషి వేరే."

నేను జవాబు చెప్పలేదు. ఆయనే నేర్పిన పద్ధతి అది. అక్కడ అది మంచిదో చెడ్డదో నాకు తెలియలేదు.

బయటికి వస్తే, ప్రహరీ గోడ పక్కన యూసుఫ్ భాయ్‌తో ఒక ఆడమనిషి మాట్లాడుతోంది. కాసేపటికి గాని గుర్తుపట్టలేదు. గంగామణి. చిక్కిపోయింది. బీడీలు చేస్తున్నానని చెప్పింది. వేళ్ల కొసలు ఆకు గీసుకుని నల్లబడ్డాయి. లోపలికి వెళ్లి సారు కాళ్లకు మొక్కి వచ్చిందట. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి.

"నువ్వు వస్తావనుకోలేదు," అన్నాను.

"మా ఆయన కాడికి ఆయనొచ్చిండు గద మేడం. రావాలె," అంది. "మల్ల ఒక్కటి జెప్త. ఆ దినం సారు రాకపోయుంటె మేం లేవకపోతుంటిమి. పోలీసోళ్లు కొట్టినా లేవకపోతుంటిమి. మిల్లోళ్లే రాసిస్తుండిరి. గా ఏడుపు సూసే లేసినం."

ఆమె యూసుఫ్ భాయ్ వైపు తిరిగింది.

"ఇప్పుడు మిల్లుల ఆయన జాగల ఎవలున్నరు?" అని అడిగింది.

"ఎవరు లేరమ్మా," అన్నాడు యూసుఫ్ భాయ్. "ఆ నౌకరినే తీసేసిండ్రు. గేటు కాడ బోర్డు మీద ఫోన్ నంబర్ రాసిపెట్టిండ్రు. ఎవరికేమున్నా దాంట్లనే చెప్పుకోవాలె."

గంగామణి చెప్పుల కోసం చూసింది.

"గదే నయం," అంది. "ఫోన్ ఏడ్వదు గద. దాన్ని సూసి ఎవలు లేసి ఇంటికి పోరు."

లోపల పాడె కడుతున్నారు. ఆమె చెప్పులు వేసుకుని, శవం కదలకముందే బస్టాండు వైపు నడిచింది.